పొంగణాల పెంకులో పండ్ల కేకులు

మొన్న మా చెల్లెలు రమణి హిందూపురం నుంచి వస్తూ వస్తూ అమ్మకని ఒక కరెంటు ఓవెన్ తెచ్చింది. అనంతపురంలో నా దగ్గరే ఉంటున్న అమ్మకు డెబ్బై దాటాయి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా దాని చుట్టూ ఒకసారి తిరిగి, తట్టి చూసి, ఏదో ఒక వంక పెట్టనిదే ఆమెకు తోచదు. ఓవెన్ తలుపు తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, నడుం వంచి లోపలికి చాలాసేపు చూసింది. చూసి, "ఇంతకూ పైన నిప్పులు యాడ పొయ్యల్ల?" అని అడిగింది. రమణీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక నవ్వు ఆగితే ఒట్టు. ఇంజనీరింగ్ చదువుతున్న రమణి కూతురు, ఈ ముసలివాళ్ళకు ఏమొచ్చిందిరా దేవుడా అన్నట్టు మమ్మల్ని చూస్తూ నిలబడింది. నిప్పులేమిటి, పైన పొయ్యడమేమిటి అని అది అడిగితే చెప్పడం మొదలుపెట్టాను. చెప్తున్నకొద్దీ నాకే హుషారెక్కింది. మాటకు మాట రమణి అందుకుంటోంది, అమ్మ మధ్యలో అడ్డం పడి తప్పులు దిద్దుతోంది. సాయంత్రం దాకా ఆ ఓవెన్ ప్లగ్గు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ఆ సంగతి రాయకుండా నాకు స్థిమితం లేదు.

మాది రాప్తాడు దగ్గర హైవే దిగి మూడు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే ఊరు. ఎకరాలైతే ఉండేవి గానీ అన్నీ వాన మీద ఆధారపడినవే. ఏడాదికి ఒక్క పంట, అదీ శెనక్కాయే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఆ ఏడాది వాన సరిగ్గా కాయ ఊరే వేళకు మొహం చాటేసింది. చెట్లు పీకితే బుట్టలకొద్దీ కాయలు వచ్చాయి గానీ వొలిస్తే లోపల పప్పు లేదు, సగానికి పైగా లొట్టలే. మా నాయన ఒక కాయను వేళ్ళ మధ్య టప్పుమనిపించి, "ఈ తూరి గాలి పండిచ్చినాం పాపా" అని నవ్వాడు. ఆయన దిగులుపడినా నవ్వుతూనే పడతాడు, అది చూస్తే అమ్మకు ఒళ్ళు మంట. ఆ లొట్టలన్నీ పెరట్లో ఒక మూల నా ఎత్తున కుప్ప పోశాం. పొయ్యిలోకి గుప్పెడు వేస్తే భగ్గుమని అంటుకునేవి. ఆ చలికాలమంతా మా ఇంట్లో కట్టెలకు కరువు లేదు, మిగిలిన అన్నిటికీ ఉంది. నీళ్ళ ట్యాంకరు రోజు మార్చి రోజు వచ్చేది. అది హారన్ కొట్టగానే బిందెలతో పరుగెత్తడం నా పని, తెచ్చిన నీళ్ళను చెంబు లెక్కన ఖర్చు పెట్టించడం మా అవ్వ పని.

అవ్వ అంటే మా నాయన తల్లి. వంటిల్లు అమ్మది అని పేరే గానీ, అందులో గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పొంగణాల పెంకు మాత్రం అవ్వది. నల్లటి ఇనప పెంకు, తొమ్మిది గుంతలు. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు వెంట వచ్చిందట. శుక్రవారం పొద్దున బియ్యం, ఉద్దిపప్పు నానేయడం, సాయంత్రం రుబ్బడం, ఆ పిండి కుండకు పాత చీర ముక్క చుట్టి వెచ్చటి పొయ్యి పక్కన పడుకోబెట్టడం. శనివారం తెల్లారేసరికి పిండి మూత దాకా పొంగి ఉండేది. బెల్లం కలిపి పొంగణాలు పోస్తే ఆ వాసనకు నేనూ రమణీ మొహాలు కడక్కుండానే పొయ్యి దగ్గర చేరేవాళ్ళం. దేవుడికి పెట్టేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. వెంకటేశ్వర స్వామికి నైవేద్యం పోసే పెంకు కాబట్టి గుడ్డు తగిలిన చెయ్యి దాని మీద పడకూడదు. ఎవరైనా ఎరువడిగితే, ఆమెకు ఆ పూటకు చెవుడు వచ్చేది.

ఇక కేకు సంగతి. అప్పట్లో జనవరి ఒకటి అంటే మా పల్లెలకు కొత్త పిచ్చి. చిల్లర బంకుల ముందర తాళ్ళకు గ్రీటింగ్ కార్డులు వేలాడేవి, రోడ్డు మీద సున్నంతో ఇంగ్లీషు అక్షరాలు రాసేవారు, అనంతపురం బేకరీల ముందర కేకుల కోసం జనం ఒకరినొకరు తోసుకునేవారు. అంతకుముందు ఏడాది మా సర్పంచ్ పెద్దనాయన మా ఊరి బడికి (నేను అప్పటికే రాప్తాడు హైస్కూలుకు పోతున్నాను) బండి చక్రమంత కేకు తెప్పించాడు. ఆయన మా నాయనకు పెద్దనాయన కొడుకు, అన్న వరస. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, జీపు, తెల్ల చొక్కా. కేకు మీద గులాబీ రంగు క్రీముతో ఆయన పేరే రాయించాడు. ఫొటో తీశారు, కోశారు. మొదటి ముక్కలు ఆయన వెంట వచ్చినవాళ్ళకు, తర్వాత సార్లకు, తర్వాత ముందు వరసలో ఉన్న పెద్ద పిల్లలకు. వెనక వరసలో కూర్చున్న చిన్న తరగతుల దాకా వచ్చేసరికి అట్ట మిగిలింది. మా రమణి అప్పుడు ఒకటో తరగతి. అట్ట మీద పరిచిన కాగితం కొసను చింపుకుని ఇంటికి తెచ్చుకుంది. గుమ్మం మీద కూర్చుని దాన్ని నాకుతూ ఉంటే, ఎట్ల ఉండాదే కేకు అని అమ్మ అడిగింది. "వాసన మాత్రం వచ్చిందమ్మా" అంది రమణి. అది ఏడ్చి ఉంటే అమ్మ అంతగా పట్టించుకునేది కాదేమో. ఏడవలేదు. వాసన వచ్చిందని మురిసిపోతూ చెప్పింది.

ఆ మాటను అమ్మ ఏడాది పొడుగునా కడుపులో పెట్టుకుని తిరిగిందని మాకెవరికీ తెలీదు. మళ్ళీ డిసెంబరు వచ్చింది. బడిలో తల్లిదండ్రుల్ని పిలిచి ఏదో మాట్లాడుతున్నారు. ఈసారి కేకు ఇంకా పెద్దది తెప్పిస్తానని పెద్దనాయన అన్నాడు. మా అమ్మ, బావగారు ఎదుట పడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి, ఆయన ముందర గట్టిగా దగ్గినట్టు కూడా నాకు గుర్తు లేదు. అలాంటిది లేచి నిలబడింది. "ఈ తూరి కేకు వద్దు బావా. నేను చేసి పెడతా. పిల్లకొగటి. కత్తితో పనే ల్యాకుండా చేస్తా" అంది. అందరూ తిరిగి చూశారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పెద్దనాయన కోప్పడలేదు, అంతకన్నా ఘోరంగా నవ్వాడు. "నూట ముప్పై ఆరు మంది పిల్లోళ్ళు ఉండారమ్మా. అంతమందికీ చెయ్యి. ఒగటి తగ్గినా వచ్చే ఏడు మళ్ళా నా కేకే, నా కత్తే" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఇల్లు దగ్గర పడ్డాక నాయన మెల్లగా, కేకు చేసేది నీకు వచ్చునా అని అడిగాడు. "రాదు" అంది అమ్మ.

పొద్దు తిరిగేలోపల అమ్మ నూర్జహానమ్మ ఇంట్లో ఉంది. నూర్జహానమ్మ మా పక్కింటావిడ. భర్త అనంతపురంలో ఒక బేకరీలో రొట్టెలు కాల్చే భట్టీ దగ్గర పనిచేసేవాడు, ఆదివారాలకు ఇంటికి వచ్చేవాడు. అన్నేళ్ళుగా అతను చెప్పే మాటలు విని విని, చేత్తో ఒక్క బిస్కెట్టు కూడా చెయ్యకపోయినా, ఆవిడకు సగం విద్య వచ్చేసింది. మైదా ఇంత, చక్కెర ఇంత, నూనె ఇంత అని వేళ్ళ మీద చెప్పింది. వెన్నకు బదులు గానుగ శెనక్కాయ నూనె పనికొస్తుందా అని అమ్మ అడిగితే, మన ఊళ్ళో దేంట్లోకి పనికిరాదో చెప్పక్కా అంది. గుడ్డు లేకుంటే పొంగదు అని మాత్రం ఖచ్చితంగా చెప్పింది. ఇంటికి రాగానే అమ్మ కళ్ళు గోడకున్న అవ్వ పెంకు మీద పడ్డాయి. పిల్లకొకటి చొప్పున, ఒకే సైజు, గుండ్రంగా, విడివిడిగా. తొమ్మిది గుంతలు. ఇంకేం కావాలి.

అవ్వను ఒప్పించడం కేకు చెయ్యడంకన్నా కష్టమైంది. రెండు రోజులు ఆమెకు చెవుడు వదల్లేదు. మూడో రోజు రమణి పోయి ఆమె ఒళ్ళో కూర్చుని, అవ్వా నాకూ ఒగటి వస్తాదంట అంది. అప్పుడు చెవుడు నయమైంది. ఒకే షరతు, గుడ్డు మాత్రం తగలకూడదు. సరే, గుడ్డు బదులు పెరుగు అంది అమ్మ. పెరుగుతో పొంగదని నూర్జహానమ్మ, పొంగి తీరాలని అమ్మ. ఆ పట్టు మీదే మా ఇంట్లో వంటసోడా పొట్లం పొట్లంగా ఖర్చయింది.

ఆ మూడు వారాలు నా చిన్నతనంలో అన్నిటికన్నా రుచిగా గడిచాయి. బడి నుంచి పరుగున వచ్చేవాళ్ళం, ఈ రోజు ఎలాంటి తప్పు జరిగిందో చూడటానికి. మొదటిసారి అడుగు మాడి పైన పచ్చిగా ఉంది. రెండోసారి కింద సెగ తగ్గిస్తే పిండి ఉడికిన కుడుము మాదిరి ముద్దగా వచ్చింది. మూడోసారి సోడా ఎక్కువై నాలుక చురచురలాడింది. ప్రతిదాన్నీ నేనూ రమణీ తిన్నాం, పెరట్లో కట్టేసిన మా బర్రె కూడా తిన్నది. నాయన చేను నుంచి వచ్చి మీసం కింద నవ్వు దాచుకుంటూ, "ఇది కేకా, గోడకు పెట్టే ఇటుకా?" అనేవాడు. అమ్మ పళ్ళు కొరికేది. ఒక ఆదివారం నూర్జహానమ్మ గడపలో నిలబడి అమ్మ పని చూసి నెత్తి కొట్టుకుంది. "కింద ఒక్కటే కాలిస్తే ఎట్లక్కా. భట్టీలో సెగ పైనుంచీ వస్తాది. బిర్యానికి దమ్ము పెట్టేది చూసినావు కదా" అని, పెంకు మీద రేకు పళ్ళెం బోర్లించి, దాని మీద తుమ్మ బొగ్గుల నిప్పులు పోయించింది. కింద లొట్టల మంట సన్నగా, పైన నిప్పులు ఎర్రగా. కాసేపటికి పళ్ళెం సందుల్లోంచి ఏలకుల వాసన, కాలిన చక్కెర వాసన, ఏదో కొత్త వాసన బయటికి వచ్చింది. మా అవ్వ జపం ఆపి ముక్కు ఎగబీల్చింది. పళ్ళెం ఎత్తితే తొమ్మిదీ తలలు పైకెత్తి, గోధుమ రంగులో, నడినెత్తిన చిన్న పగులుతో ఉన్నాయి. నేను గంతులేశాను. అమ్మ గంతులెయ్యలేదు గానీ, పొయ్యి ముందర చేతులు నడుమున పెట్టుకుని నిలబడిన ఆ నిలబడటం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

పండ్ల కేకు అన్నాక పండ్లు కావాలి కదా. బేకరీలో వేసే ఎరుపు, పచ్చ ముక్కలు పచ్చి బొప్పాయితో చేస్తారని నూర్జహానమ్మ చెప్పింది. ఇంటి వెనక బొప్పాయి చెట్టు ఉంది. సన్నగా తరిగి, పాకంలో ఉడికించి, కొన్నిటికి బీట్రూటు రసం పట్టించాం. అసలు రుచి చీనీ తొక్కలది. ఆ ఏడాది బోర్లు ఎండిపోయి పెద్దనాయన తోటలో చీనీ కాయలు పచ్చివి పచ్చివే రాలిపోయాయి, అడిగే నాథుడు లేడు. నేనూ రమణీ పోయి గంపెడు ఏరుకొచ్చాం. ఆయన కాయలతోనే ఆయన్ను గెలవబోతున్నామని దారిపొడుగునా మాకు ఒకటే సంబరం. తీరా చూస్తే ఆ తొక్కలు చేదు విషం. మూడుసార్లు ఉడికించి మూడుసార్లు నీళ్ళు వంపేస్తే గాని చేదు పోదట. ట్యాంకరు నీళ్ళు అలా పారబోయడం అవ్వ కళ్ళతో చూడగలదా? మొదటి వంపు నీళ్ళు పట్టి గిన్నెలు కడిగించింది, రెండో వంపుతో గచ్చు కడిగించింది, మూడోది బర్రెకు పెడితే అది ఒక గుక్క తాగి మా వైపు తిరిగి చూసిన చూపు చెప్పనలవి కాదు. ఆ తర్వాత తొక్కల్ని చక్కెర పాకంలో వేస్తే గాజు ముక్కల్లా మెరిశాయి. జీడిపప్పు బదులు పనికొచ్చే నాలుగు శేర్ల శెనక్కాయలు నాయనే వొలిచి ఇచ్చాడు, గోడకు ఆనుకుని కూర్చుని, గాలి కాయల్ని ఒక్కొక్కటి పక్కన పడేస్తూ.

డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రానికి దాదాపు అంతా సిద్ధం. మా పెంకుకు తోడు నూర్జహానమ్మది, ఇంకా మూడిళ్ళవి. పెరట్లో వరసగా అయిదు పొయ్యిలు. పెంకుకు తొమ్మిది, అయిదు పెంకులకు నలభై అయిదు, మూడు వాయిలకు నూట ముప్పై అయిదు. ఒకటి తగ్గుతోంది, దానికోసం నాలుగో వాయి. అమ్మ పద్ధతి ఏమిటంటే మైదా, చక్కెర, తొక్కలు ఒక గుండిగలో పొడిగా కలిపి పెట్టుకోవడం, పెరుగు, నూనె వేరే గిన్నెలో. తెల్లవారుజామున రెండూ కలిపి, అప్పటికప్పుడు సోడా వేసి పోసెయ్యడం. కలిపాక ఆలస్యం చేస్తే సోడా చచ్చిపోతుందని నూర్జహానమ్మ పదిసార్లు చెప్పింది. చివరి పెంకు ఎరువు తేవడానికి అమ్మ వీధి చివరికి పోయింది. ఆ కాస్త సేపట్లో అవ్వ వంటింట్లోకి పోయింది. పొడి పిండి పొడిగానే ఉండటం చూసింది. రేపు పొద్దున పొంగాల్సిన పిండిని ఈ వేళకు కూడా కలపకుండా వీధులు తిరుగుతున్న కోడలిని చూసి జాలిపడింది. పెరుగు, నూనె, ఉన్న సోడా అంతా గుండిగలో వేసి చేత్తో బాగా కలిపి, చీర ముక్క చుట్టి, వెచ్చటి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. అరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం చేసే పనే. అమ్మ వచ్చేసరికి గిన్నెలు సర్దేసి ఉన్నాయి, అన్నీ భద్రంగా మూసి పెట్టినాలే, పోయి పడుకోండి అంది అవ్వ. మేము నమ్మి పడుకున్నాం.

తెల్లారి అమ్మ చీర ముక్క విప్పింది. పుల్లటి వాసన గుప్పుమంది. పిండి బుడగలు బుడగలుగా లేచి, గరిటెకు తీగలు సాగుతోంది. అమ్మ నేల మీద కూలబడిపోయింది. ఇంట్లో ఇంకో పూట చెయ్యడానికి మైదా లేదు, పెరుగు లేదు, ఇంకొన్ని గంటల్లో బడి గంట కొడతారు. పెద్దనాయన నవ్వు నాకు అప్పుడే చెవుల్లో వినపడింది. "ఏంటికి చేసినావత్తా ఇట్ల?" అని మాత్రం అంది అమ్మ, తల ఎత్తకుండా. అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడి, "పులవకుంటే పొంగుతాదా మే? నాకేం తెలుసు, నేనేమన్నా కేకులు చూసినానా?" అంది. కోపం రావాల్సిన నాకు ఏడుపొచ్చింది.

నేను నూర్జహానమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆవిడ నిద్రమొహంతోనే వచ్చి, వేలు ముంచి నాకి, ఇంకోసారి నాకి, కళ్ళు మూసుకుని ఆలోచించింది. మేమంతా ఆవిడ మొహం చూస్తున్నాం. "పారబొయ్యొద్దక్కా. భట్టీలో మావోళ్ళు పిండి పులవబెట్టే కదా రొట్టె కాల్చేది. పులుపును సోడా తినేస్తాది, ఇంకా చక్కెర కలుపు" అంది. ఇంట్లో ఉన్న చక్కెరంతా పోశాం, చీనీ పాకం మిగిలింది పోశాం. మా ఇంట్లో సోడా చిటికెడు కూడా లేదు, ఆవిడ తన డబ్బా బోర్లించింది. గరిటె తిప్పగానే పిండి నురగ కట్టి చేతి కింద పైకి లేవడం మొదలైంది. అమ్మ లేచింది. ఇక ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఏం చేశారో గుర్తు లేదు. నాయన లొట్టలు వేస్తున్నాడు, నేను గుంతలకు నూనె రాస్తున్నాను, నూర్జహానమ్మ పట్టకారుతో నిప్పులు పేరుస్తోంది, అయిదు పొయ్యిల పొగలో ఒకరికొకరం కనపడటం లేదు. మొదటి పళ్ళెం ఎత్తారు. నేను మూడు వారాలుగా చూసిన కేకులన్నీ వీటి ముందర దిగదుడుపే. గుంతలోంచి పైకి ఉబికి, మెత్తగా, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తున్నాయి. అవ్వ దగ్గరికి వచ్చి వంగి చూసి, "పులవబెట్టబట్టి" అంది. అంతే, ఆ రోజు నుంచి పోయేదాకా ఆ కేకులు చేసింది తనేనని అందరికీ చెప్పుకుంది.

మూడు వాయిలు అయ్యాయి. రెండు ఒకవైపు మాడాయి, అమ్మ వాటిని ఒప్పుకోలేదు, బర్రెకు పోయాయి. గుండిగ గీకి గీకి పోస్తే మూడొచ్చాయి. సరిగ్గా నూట ముప్పై ఆరు. ఒక్కటి ఎక్కువ లేదు. రుచి చూడ్డానికి కూడా ఎవరికీ లేదు. గుండిగలో అంటుకున్నది నాకబోతే అమ్మ నా చేతి మీద కొట్టింది, అప్పటికే గీకి గీకి వదిలిన దాంట్లో ఏం మిగిలుంటుందని కొట్టిందో. ఆమె స్వయంగా ఆ రోజు చేసిన కేకు నోట్లో పెట్టుకోలేదు. పులుపు పోయిందో లేదో తెలీకుండానే, రెండు గంపల్లో తడి గుడ్డ పరిచి పేర్చుకుని బడికి నడిచింది.

పెద్దనాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టింది, వెనక వరస నుంచి. అరచెయ్యి చాపు, ఒకటి. అరచెయ్యి చాపు, ఒకటి. నేను గంప పట్టుకుని వెంట నడుస్తూ లోపల లెక్క పెడుతున్నాను. చివరి పిల్ల అరచేతిలో చివరి కేకు పడింది. గంప ఖాళీ. పెద్దనాయన లేచి వచ్చి గంపలోకి తొంగి చూసి, తల ఊపి, గెలిచినావమ్మా అన్నాడు. అన్నాడు గానీ ఆయన చూపు పిల్లల మీద ఉంది. ఒక్కరూ తినడం లేదు. నూట ముప్పై ఆరు మంది అరచేతుల్లో కేకులు పెట్టుకుని, వాసన చూసుకుంటూ కూర్చున్నారు. తినండి అని సారు అన్నాడు. ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. కొందరు జేబుల్లో పెట్టుకున్నారు, ఆడపిల్లలు పావడా కొసల్లో మూట కట్టుకున్నారు. బాగలేవేమో అని ఎవరో గొణిగారు. అమ్మ మొహం పాలిపోయింది. పులుపు వాసన వస్తోందేమో, పిల్లలు మొహమాటానికి చెప్పడం లేదేమో అనుకుంది. పిల్లలంతా ఇళ్ళకు పరుగెత్తాక, ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

ఇప్పుడు నేను ఏ వీధిలో నడిచినా రెండు బేకరీలు కనిపిస్తాయి. పిల్లల పుట్టినరోజులకు కాగితం గిన్నెల్లో చిన్న చిన్న కేకులు పెట్టెల్లో వస్తాయి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, మా అమ్మ ఆనాడు పట్టుబట్టినట్టే. తిన్నంత తిని వదిలేసిన సగాలు నేను ఎత్తి పారేస్తుంటాను. అవి రుచిగా ఉండవని అబద్ధం చెప్పను, బాగుంటాయి, నేనూ రెండు తింటాను. ఓవెన్ ఉంటే పిండి పులుస్తుందనే భయం లేదు, నీళ్ళకు ట్యాంకరు కోసం చెవులు రిక్కించే పని లేదు. ఆ రోజులే మంచివని కూడా నేను అనను, ఎండిన బోర్లను ఎవరు కోరుకుంటారు? కాకపోతే ఏ కేకు ముందరా నా గుండె అంతలా కొట్టుకోలేదు. అది మాత్రం నిజం.

ఆ రోజు బడి నుంచి ఇంటికి వీధి మీదుగా నడిచాం. మొదటి ఇంటి అరుగు మీద ఒక తల్లి, నలుగురు పిల్లలు (బడికి పోయేది అందులో ఒక్కతే), ఒక ముసలాయన గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్ళెంలో మా కేకు, గుడ్డంత కూడా లేనిది. ఆ తల్లి చాకుతో ఎంతో జాగ్రత్తగా దాన్ని అయిదు, ఆరు చేస్తోంది. పక్కింట్లో కొడవలితో కోస్తున్నారు. ఆ పక్కన దారంతో. వీధి పొడుగునా అదే. అమ్మ నడక మెల్లగా అయింది. కత్తితో పనే ల్యాకుండా చేస్తా అన్న మనిషి, ఒక్కో అరుగు ముందర ఆగి, ఒక్కో కత్తిని చూసింది.

మా ఇంట్లోనూ రమణి మాకన్నా ముందే చేరింది. పావడా కొస విప్పి కేకును పీట మీద పెట్టుకుని, చాకు పట్టుకుని మా కోసం ఎదురుచూస్తోంది. అవ్వకు ఒక ముక్క, నాయనకు ఒకటి, నాకు ఒకటి, నిప్పులు పేర్చినందుకని పిలుచుకొచ్చిన నూర్జహానమ్మకు ఒకటి. చివరి ముక్క, బొటనవేలి గోరంత, అమ్మ నోటికి తనే అందించింది. అది ఆ రోజు అమ్మ చూసిన మొదటి రుచి. పులుపు లేదు, ఏమీ లేదు, చీనీ తొక్క కమ్మగా తగిలింది అని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది గానీ, అప్పుడు మాత్రం నమలకుండా నోట్లో పెట్టుకుని రమణి చేతులకేసి చూసింది. ఆ చేతుల్లో ఏమీ మిగల్లేదు. ఏడున్నరేళ్ళ పిల్ల, పీట మీద రాలిన పొడిని వేలికి అద్దుకుని నాకుతూ, పంచిపెట్టిన పెద్దమనిషి మాదిరి మా అందరినీ కలయజూసింది.

"అందరికీ వచ్చిందా?" అని అడిగింది.

అమ్మ దాన్ని లాగి ఒళ్ళో వేసుకుని, "వచ్చింది తల్లీ, అందరికీ వచ్చింది" అని భోరున ఏడ్చింది.